పోవలసినది పోవాలి

సెలవుల్లో మా పెదనాన్నను పలాసలో డయాలసిస్‌కు తీసుకువెళ్ళే వంతు నాది. ఒకనాడు ఆయన ఎర్రబడ్డ గొట్టాలకేసి చూసి, "ఏటిరా బాబూ, ఈ డబ్బాలో జల్లెడేటైనా ఉన్నాదా?" అన్నాడు.

ఉందన్నాను. ఆ పనికి 1861లో డయాలసిస్ అని పేరు పెట్టినవాడు స్కాట్లండు రసాయనవేత్త థామస్ గ్రాహం. వేడెక్కిన పల్లాడియం లోహంలోంచి హైడ్రోజన్ సాగిపోతుందని 1866లో చూపినవాడూ ఆయనే. ఆ రేకులో చిల్లులుండవు. హైడ్రోజన్ అణువు లోహం మీద పరమాణువులుగా విడిపోయి, లోపలినుంచి నడిచి, అవతల మళ్ళీ జతకడుతుంది. మిగతా వాయువులు ఇవతలే ఆగిపోతాయి.

మీథేన్, నీటి ఆవిరి నికెల్ ఉత్ప్రేరకం మీద కలిసే రియాక్టర్‌లో, కొన్ని మైక్రాన్ల మందం గల ఈ పొర పెడితే పుట్టిన హైడ్రోజన్ పుట్టినట్టే బయటికి పోతుంది. అప్పుడు సమతాస్థితి దగ్గర చర్య ఆగిపోదు, ముందుకే సాగుతుంది. పల్లాడియం ఒక్కటే అయితే, చల్లారేటప్పుడు హైడ్రోజన్ వల్లనే చిట్లుతుంది. అందుకే వెండి కలుపుతారు.

మన మూత్రపిండాల సంగతీ ఇంతే కదా! పోవలసినది పోతేనే లోపల పని నడుస్తుంది.

అంతా విని పెదనాన్న, "మరాయన, మన ఉద్దానానికి ఈ రోగం ఎందుకొచ్చినాదో రాయలేదేటి?" అన్నాడు.

ఆ కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. టెక్కలి దాటేదాకా బస్సులో నేను మాట్లాడలేదు. మిత్రులారా, ఆ ప్రశ్న మన సైన్సు విద్యార్థులదే.