గెలతో పోయేది, ఆకుతో తిరిగి వచ్చేది

రాయ్‌పూర్ నుండి దక్షిణంగా ధమ్తరి త్రోవ పట్టినవారికి అభన్‌పూర్ వరిచేల నడుమ కానవస్తుంది. ఆ ప్రాంతపు రైతు నేలను ఒక్క పేరుతో పిలువడు. మెరకమీది ఎర్రని మొరపరాళ్ళ నేల భాటా. దాని దిగువన పసుపువన్నెది మటాసీ. ఆ తరువాత డోర్సా. పల్లంలో నీటిని పట్టి ఉంచే నల్లరేగడి కన్హార్. శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్ల కంటె సేద్యగానికి ఈ నాలుగు మాటలే ఎక్కువ పనికివస్తాయి.

ఈ సీమలో వరిగట్లపై తుమ్మచెట్లను పెంచడం తాతలనాటి ఆచారం. తుమ్మవేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. కొమ్మలు వంటచెరకు, కాయలు మేకలకు మేత, మాను నాగళ్ళకు కలప. నీడ మితిమీరితే వరి తగ్గుతుంది గనుక రైతు కొమ్మలు నరుకుతూ ఉంటాడు. ఈ పాత ఒడంబడికను ఎరిగినవానికి, టేకు వరుసల నడుమ అరటి నాటవచ్చుననే ఆలోచన వింతగా తోచదు. కాని ఇక్కడి లెక్క వేరు. టేకు తుమ్మవలె నత్రజనిని సంపాదించదు. అరటి వరివలె మితాహారి కాదు.

అరటి ఆకలి ముఖ్యంగా పొటాషియం కొరకు. 100 గ్రాముల పండులో సుమారు 350 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. తొక్కతో, కాడతో ఒక టన్ను గెలలు సంతకు పోతే, నాలుగైదు కిలోల పొటాషియం బండెక్కి వెళ్ళినదన్నమాట. వాటితో పోయే భాస్వరం అరకిలో కూడా ఉండదు. కన్హార్ నేల ఈ నష్టాన్ని కొంతకాలం ఓర్చుకుంటుంది. భాటా ఓర్వలేదు. అందులో బంకమన్ను తక్కువ. వానాకాలంలో కరగిన పోషకాలు అడుగుకు జారిపోతాయి. ఉన్న కాస్త భాస్వరాన్ని ఇనుము బిగబట్టి ఉంచుతుంది.

టేకు కలప చేతికి రావడానికి దశాబ్దాలు పడుతుంది. అంతవరకు ఇల్లు గడవడానికి అరటే దిక్కు. తొలి రెండు మూడేళ్ళు ఎండ తగులుతుంది గనుక గెలలు బాగానే దిగుతాయి. పిమ్మట, దగ్గరగా నాటిన టేకు గొడుగు పట్టినట్లు మూసుకొంటుంది, గెల చిక్కిపోతుంది. అది నీడవలననా, నేల ఆకలివలననా? తేల్చుకోలేని రైతు యూరియా చల్లుతాడు. ముదురాకుల అంచులు పసుపువారి మాడుతుంటే అది పొటాషు లోటు. యూరియా దానికి మందు కాదు.

చెట్టు లోతులనుండి ఎరువు తోడి పైకి తెస్తుందని ఉత్సాహవంతులు చెబుతారు. అది సగమే నిజం. టేకు ఆకులో సున్నం మెండు. రాలి కుళ్ళితే పైమన్ను బాగుపడుతుంది. కాని ఆహారం గ్రహించే సన్నని వేళ్ళలో అధికభాగం పైమన్నులోనే ఉంటుంది, అరటివేళ్ళూ అక్కడే. అందుచేత వరుసల మధ్య ఎడమూ, అవసరమైతే కందకమూ ఉండాలి. పైగా, నేలలో లేని పొటాషును ఏ చెట్టూ సృష్టించలేదు.

కోనసీమ కొబ్బరితోటలో అరటి పెట్టే రైతుకు గోదావరి ఒండ్రు అండ. భాటా రైతుకు ఆ భాగ్యం లేదు; అతనికి అండ బోదె. గెల కోసిన తరువాత మిగిలిన బోదెలోను, ఆకులలోను పొటాషియం నిండుగా ఉంటుంది. దానిని గట్టు అవతల పారవేయక, ముక్కలుగా తరిగి పిలకల మొదళ్ళలో పరిస్తే తిరిగి నేలకు చేరుతుంది. టేకు నరికిననాడు బెరడునూ, కొమ్మలనూ చేలోనే విడవడం మేలు. సున్నం బెరడులో విశేషంగా ఉంటుంది. పొయ్యిలోకి పుల్ల వెదుక్కునే ఇంటికి ఈ సలహా కష్టమే. ఆ పొయ్యి బూడిదనైనా ఏనాటికానాడు అరటిపాదులలో వేస్తే, కాలిన కొమ్మలోని పొటాషూ సున్నమూ చాలామటుకు చేనికే తిరిగివస్తాయి. పొగతో ముఖ్యంగా పోయేది నత్రజని.