నేనూ చెయ్యెత్తాను

పోయిన నెల మన గోడ పత్రికలో పొడుపు కథలు రాశాను. ఈసారి నేను చేసిన తప్పు రాస్తున్నాను.

కిందటి సంవత్సరం వానాకాలంలో, ఆటల టైములో, ఒకరి ట్రంకు పెట్టెలో 50 రూపాయలు పోయాయి. అప్పుడు ఆరో తరగతిలో కొత్తగా చేరిన తమ్ముడు ఒకడున్నాడు. వాడిది కొండ మీద ఊరు. తెలుగు సరిగా రాదు. ఏదడిగినా తల దించుకునేవాడు. తల దించుకున్నాడు కాబట్టి వాడే దొంగ అన్నారు. రాత్రి స్టడీ అయ్యాక లీడరన్న "వీడే తీశాడనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

నాకు నిజం తెలుసు. ఆటల టైమంతా వాడు నాతోనే బోరింగు దగ్గర బట్టలుతుక్కున్నాడు. అయినా ముందు వరసలో చేతులు లేచాయి. నా పక్కవాడిది లేచింది. నాదీ లేచింది. నన్నెవరూ కొట్టలేదు, బెదిరించలేదు. అందరి చేతులూ పైనుంటే నాదొక్కటే కింద ఉండటానికి భయమేసింది. వాడు నావైపే చూశాడు. ఏమీ అనలేదు. సంతకొచ్చిన వాళ్ల నాన్నతో ఊరెళ్లిపోయి సంక్రాంతి దాకా రాలేదు.

పది రోజులకి ఆ నోటు పోగొట్టుకున్నవాడి లెక్కల పుస్తకం అట్టలోనే దొరికింది.

మొన్న సోషల్ సార్ ఒక ప్రయోగం చెప్పారు. 1951లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే శాస్త్రవేత్త చేసినది. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు. మొదటిదానికి ఏది సమానమో చెప్పాలి. చిన్నపిల్లలైనా చెప్తారు. కానీ గదిలో ఒక్కడికే అసలు సంగతి తెలీదు. మిగతావాళ్లు ముందే మాట్లాడుకుని 12 సార్లు కావాలని తప్పు చెప్పారు. అలా పరీక్షించిన ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు ఒక్కసారైనా గుంపుతో కలిసి తప్పే చెప్పారట! సార్ బోర్డు మీద గీతలు గీస్తుంటే నాకు ఆ రాత్రి చేతులే కనిపించాయి.

గుంపులో ఇంకొక్కరు నిజం చెప్తే తప్పులు బాగా తగ్గాయట. జవాబు కాగితం మీద రాయమన్నా తగ్గాయట.

క్లాసు అయ్యాక నా స్నేహితుడు మెల్లగా అన్నాడు: "ఆ రోజు బోరింగు దగ్గర మిమ్మల్ని నేనూ చూశాన్రా. నువ్వు చెప్తావేమో అనుకున్నా. నువ్వే చెయ్యెత్తేశావు గదా!" వాడు నా కోసం చూశాడు. నేను ఎవరి కోసమో చూశాను. ఇద్దరం నోరు మూసుకున్నాం.

వార్డెన్ గారికి ఒక మనవి. ఇకమీదట ఏదైనా పోతే అందరిలో చేతులెత్తించకుండా ఒక్కొక్కరినీ విడిగా అడిగేలా చూడండి.

తమ్ముడూ, ఇప్పుడు నువ్వు తెలుగు బాగానే చదువుతున్నావు. ఇది కూడా చదువుతావని తెలుసు. ఆ డబ్బులు నువ్వు తియ్యలేదు. అది నాకు ఆ రాత్రే తెలుసు. నన్ను క్షమించు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి