నీడ ఏదీ?

చార్మినారును ఫోటో తీస్తే సాయంత్రమే తీయాలని మా అమ్మ పట్టు. ఆమె పెరిగింది పాతబస్తీలో. మోకాళ్ళ నొప్పులవల్ల ఇప్పుడు గడప దాటడం కష్టం. సరేనని కెమేరా తగిలించుకుని వెళ్ళాను.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ కట్టడానికి తూర్పున నిలబడ్డాను. సూర్యుడు మినార్ల వెనక దిగుతున్నాడు. అవతల లాడ్‌బజారు గాజుల దుకాణాల్లో దీపాలు వెలుగుతున్నాయి. ఆకాశం చూస్తే కళ్ళు మిరుమిట్లు, కమాను కింద చూస్తే చీకటి. మన కన్ను రెంటికీ సర్దుకుంటుంది. కెమేరాకు ఆ లౌక్యం తెలియదు. ఒకటి చూపితే రెండోది పోగొడుతుంది. అందుకని దాన్ని ముక్కాలి స్టాండుకు బిగించి, సెకండులో 500వ వంతు, 125వ వంతు, 30వ వంతు చొప్పున మూడు ఫోటోలు తీశాను. మొదటిది ఆకాశానికి, చివరిది నీడలకు.

ఇంటికొచ్చి మూడింటినీ కంప్యూటరులో కలిపాను. చీకటన్నది లేకుండా చేశాను! ప్రతి రాయీ మెరిసింది. మినార్ల చుట్టూ తెల్లటి అంచు కూడా వచ్చింది. నడిచే మనుషులు మాత్రం ఒక్కొక్కరు మూడేసి దయ్యాలయ్యారు.

అమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "ఏ వేళప్పుడు తీశావురా?"

"సాయంత్రమే."

"మరి నీడ ఏదీ?"

మళ్ళీ కూర్చున్నాను. మనుషుల్ని ఒక్క ఫోటోలోంచే తీసుకున్నాను. ఆకాశం రంగు నిలిపి, నీడల్ని కొద్దిగానే తేల్చి, కమాను కింద చీకటిని చీకటిగానే వదిలాను.

ఈసారి అమ్మ ఆ చీకటి మీదే వేలు పెట్టింది.

"ఇక్కడికి రాగానే మీ తాతయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకునేవారు," అంది.