రేవుకు దూరంగా: చేవెళ్ల దారి నుంచి విశాఖకు లేఖలు

మొదటి లేఖ: మొయినాబాద్

విశాఖపట్నంలోని నాన్నగారికి నమస్కారాలు.

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వైపు సాగే రహదారి మీద వరుసగా వచ్చే మొయినాబాద్, చేవెళ్ల రంగారెడ్డి జిల్లా మండల కేంద్రాలు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, దక్కన్ పీఠభూమి మీద ఉన్న ఈ ఊళ్లకు ఓడలతో పూర్వసంబంధం ఏమీ లేదు. అయినప్పటికీ, నౌకాదళ చరిత్ర మీద మక్కువ గలవారు ఈ దారిని గమనించవలసిన కారణం ఒకటి ఇటీవల ఏర్పడింది. చేవెళ్ల దాటి వికారాబాద్ జిల్లాలో ప్రవేశించిన తరువాత, పూడూరు మండలంలోని దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల స్థలంలో, భారత నౌకాదళపు రెండవ వీఎల్ఎఫ్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. మొదటి కేంద్రమైన ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ తమిళనాడులోని తిరునల్వేలి జిల్లాలో 1990 నుంచి పనిచేస్తున్నది.

వీఎల్ఎఫ్ అంటే అతి తక్కువ పౌనఃపున్యం గల రేడియో తరంగం. సెకనుకు 3,000 నుంచి 30,000 కంపనాల మధ్య ఉండే ఈ తరంగం ఒక్కొక్కటి పది నుంచి వంద కిలోమీటర్ల పొడవు ఉంటుంది. మామూలు రేడియో తరంగాలను ఉప్పునీరు పైపొరలోనే మింగివేస్తుంది; ఈ దీర్ఘతరంగాలు మాత్రం కొన్ని మీటర్ల లోతుకు దిగి, మునిగి ఉన్న జలాంతర్గామికి కబురు అందించగలుగుతాయి. జలాంతర్గామి వినగలదే గాని అదే మార్గంలో బదులు చెప్పలేదు. ఎందుకంటే ఇటువంటి తరంగాన్ని పంపడానికి ఎత్తైన స్తంభాలు, వాటి మధ్య సాగదీసిన తీగలు, విశాలమైన నేల కావాలి. సముద్రగర్భానికి చేరవలసిన మాట మెట్టభూమి నుంచి బయలుదేరడంలోని వింత ఇంతే.

ఈ కేంద్రం వల్ల అడవి నరకవలసి వస్తుందనీ, అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ నదికి హాని కలుగుతుందనీ పర్యావరణవాదులు అభ్యంతరం చెప్పారు. ఆ ఆందోళనకు మొయినాబాద్‌లో అర్థం స్పష్టమవుతుంది. 1908 నాటి మూసీ వరదల తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా వెలసిన రెండు జలాశయాలు, అనగా 1920లో పూర్తయిన గండిపేట ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్, ఈ మండలానికి చేరువలోనే ఉన్నాయి. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడడానికి 1996లో వెలువడిన 111 జీవో అనే ప్రభుత్వ ఉత్తర్వు ఈ ఊళ్ల భూముల కథను దశాబ్దాల పాటు నడిపించింది. ఇక్కడి మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలిసి చివరకు బంగాళాఖాతం చేరుతుంది గనుక, ఈ ఊరు సముద్రానికి దూరమే గాని బొత్తిగా పరాయిది కాదు.

ఇట్లు,
మీ అబ్బాయి

రెండవ లేఖ: చేవెళ్ల

నాన్నగారికి నమస్కారాలు.

దామగుండం పని జలాంతర్గామికి కబురు చెప్పడమైతే, ఆ జలాంతర్గామిని వెతికి వేటాడడం డిస్ట్రాయర్ అనే యుద్ధనౌక పని. పుట్టుకలో ఈ నౌక శత్రువు వేరు. 1866లో రాబర్ట్ వైట్‌హెడ్ రూపొందించిన టార్పెడో, అనగా నీటిలో తనంత తాను ప్రయాణించి ఓడ అడుగుభాగాన్ని ఛేదించే ఆయుధం, చిన్న పడవలకు సైతం మహానౌకలను ముంచే శక్తినిచ్చింది. ఆ పడవలను తరిమికొట్టడానికి బ్రిటిష్ నౌకాదళం 1893లో హావాక్ వంటి వేగవంతమైన నౌకలను ప్రవేశపెట్టి, వాటిని టార్పెడో బోట్ డిస్ట్రాయర్లు అని పిలిచింది. కాలక్రమంలో పేరులోని మొదటి భాగం రాలిపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో టార్పెడోను మోసే బాధ్యత ప్రధానంగా జలాంతర్గామికి మారడంతో, డిస్ట్రాయర్ కూడా నీటి పైభాగాన్ని విడిచి లోతుల్లోకి చూపు సారించవలసి వచ్చింది; నీటిలో శబ్దాన్ని పంపి ప్రతిధ్వనిని బట్టి శత్రువు జాడ తీసే సోనార్, నిర్ణీత లోతుకు చేరగానే పేలే పీపా వంటి డెప్త్ ఛార్జ్ దాని చేతికి వచ్చిన సాధనాలు.

ఈ రెండు జాతుల నౌకల వైరం తెలుగు తీరానికి అతి సమీపంగా వచ్చిన సందర్భం 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి. భారత విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముంగిట మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదలిన డెప్త్ ఛార్జుల వల్లనే అది మునిగిందని భారత కథనం; తాను పరచిన మందుపాతరల వల్ల గాని, లోపలి పేలుడు వల్ల గాని మునిగిందని ఎదుటి కథనం. ఈ వివాదం ఇప్పటికీ తేలలేదు. అయితే నౌకాప్రియులను ఆకర్షించే విషయం వివాదం ఒక్కటే కాదు, ఆ రెండు నౌకల పూర్వచరిత్ర కూడా. ఘాజీ అంతకుముందు డయాబ్లో అనే అమెరికన్ జలాంతర్గామి. రాజ్‌పుత్ 1942లో జలప్రవేశం చేసిన రోదర్‌హామ్ అనే బ్రిటిష్ డిస్ట్రాయర్, 1949లో భారత నౌకాదళానికి వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం కోసం మిత్రపక్షాలు నిర్మించుకొన్న రెండు ఓడలు మూడు దశాబ్దాల తరువాత విశాఖ ముంగిట ఎదురుపడ్డాయి.

ఆ తరువాత జరిగినది మరింత ఆలోచింపజేస్తుంది. మునిగిన ఘాజీ తనలోని నావికులకు సమాధిగా సముద్రపు అడుగున ఇప్పటికీ ఉన్నది. తేలుతూ తిరిగివచ్చిన రాజ్‌పుత్ మాత్రం 1970లలోనే పాత ఇనుముగా ముక్కలైపోయింది. విశాఖ బీచ్ రోడ్డులో 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధవిజయానికి స్మారకచిహ్నం ఉన్నది, 1969లో సేవలో చేరి 2001లో విరమించిన ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి 2002 ఆగస్టు నుంచి ఇసుక మీద ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది, దానికి ఎదురుగా జలాంతర్గాములను ఆకాశం నుంచి వెతికిన టీయూ-142 విమానం 2017 నుంచి ఉన్నది. దాగే నౌక, ఆకాశం నుంచి దానిని వెతికిన విమానం రెండూ దక్కిన ఆ తీరంలో, ఓడల్లో వేటగాడైన డిస్ట్రాయర్ ఒక్కటే లేదు.

ఇట్లు,
మీ అబ్బాయి

మూడవ లేఖ: మర్రిచెట్ల దారి

నాన్నగారికి నమస్కారాలు.

డిస్ట్రాయర్లు ప్రదర్శనశాలలుగా అరుదుగా మిగలడానికి కారణం వాటి నిర్మాణంలోనే ఉన్నది. వేగం కోసం బరువు తగ్గించవలసి వచ్చినందున వాటి పొట్టను పలుచని ఉక్కురేకుతో కట్టారు. యుద్ధనౌకల్లో అతి భారీవైన బ్యాటిల్‌షిప్పులకు ఉన్న మందపు కవచం వీటికి లేదు. నీరూ గాలీ కలిసే మట్టం దగ్గర తుప్పు అతి త్వరగా తినివేస్తుంది గనుక, సేవలో ఉన్నంతకాలం నౌకను కొన్నేళ్లకొకసారి డ్రై డాక్‌లోకి, అనగా నీటిని తోడివేసి ఓడను పొడినేల మీద నిలిపే గుంటలోకి చేర్చి, రేకులు మార్చి, రంగు వేస్తారు. ఉక్కుకు బదులుగా తాము కరిగిపోయేలా పొట్టకు జింకు దిమ్మెలు బిగించడం మరొక రక్షణ. నౌక ప్రదర్శనశాలగా మారగానే ఈ ఖర్చు ఆగదు, దానిని భరించే రక్షణశాఖ పద్దు మాత్రం ఆగిపోతుంది.

అందువల్లనే నీటిలో ఉంచినవాటికంటె నీటి నుంచి తప్పించినవి ఎక్కువ నిశ్చింతగా ఉన్నాయి. ఇంగ్లండులోని చాథమ్‌లో 1944 నాటి కావలియర్ అనే డిస్ట్రాయర్ పాత డ్రై డాక్‌లోనే నిలిచి, రెండవ ప్రపంచయుద్ధంలో మునిగిన 142 బ్రిటిష్ డిస్ట్రాయర్లకు స్మారకంగా ఉన్నది. అమెరికాలోని బాటన్ రూజ్‌లో కిడ్ అనే నౌకకు ప్రత్యేకమైన ఊయల వంటి ఆధారం నిర్మించారు. మిసిసిపీ నది పొంగినప్పుడు ఆ నౌక తేలుతుంది, నది తగ్గినప్పుడు ఆధారం మీద కూర్చుంటుంది. ఎల్లప్పుడూ నీటిలోనే ఉన్న ద సల్లివన్స్ అనే మరొక అమెరికన్ డిస్ట్రాయర్ బఫెలో రేవులో 2022 ఏప్రిల్‌లో పొట్టకు చిల్లుపడి, కట్టినచోటనే ఒక పక్కకు ఒరిగి కొంత మునిగింది. ముంబైలో 2001 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న మొదటి విక్రాంత్‌ను భద్రత లేదన్న కారణంతో 2012లో మూసివేసి, 2014లో విడగొట్టారు. విశాఖకు తేవాలన్న ఆలోచన నడచిన మరో విమానవాహక నౌక విరాట్ సైతం 2020లో ఓడలను విడగొట్టే గుజరాత్‌లోని అలంగ్ చేరింది.

ఈ విషయంలో చేవెళ్ల రహదారి నేర్పే పాఠం ఒకటి ఉన్నది. ఈ దారికి ఇరువైపులా ఉన్న ముదురు మర్రిచెట్లు దాదాపు 900. దారి ఇరుకైనది, ప్రమాదాలు తరచుగా జరుగుతాయి, కనుక విస్తరణ అవసరాన్ని కాదనలేము. చెట్లను నరకకుండా దారి వెడల్పు చేయాలని కోరినవారు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. వారి చేతిలోని మొదటి ఆయుధం నినాదం కాదు, లెక్క: ఏ చెట్టు ఎక్కడ ఉన్నదో గుర్తించి నమోదు చేయడం. లెక్క ఉన్నందునే రోడ్డు గీతను ఎక్కడ జరపవచ్చు, ఏ చెట్టును మరొక చోట నాటవచ్చు అనే చర్చ సాధ్యమైంది.

నౌకాప్రియులు చేసే పని కూడా మౌలికంగా ఇదే. ఓడ మీది సంఖ్య ఏది, ఏ మరమ్మతులో ఏ తుపాకి తీసి ఏ క్షిపణి అమర్చారు, రేకులను మేకులతో బిగించారా, వెల్డింగ్ చేశారా, నావికులు ఎక్కడ పడుకొన్నారు, ఏ సంవత్సరపు రూపంలో ఓడను తిరిగి నిలపాలి అనే ప్రశ్నలు బయటివారికి చాదస్తంగా తోచవచ్చు. కాని కిడ్‌ను 1945 నాటి రూపానికి తేగలిగినది ఇటువంటి చాదస్తమే. కుర్సురాలో సందర్శకులకు గదులు చూపేది విశ్రాంత నౌకాదళ సిబ్బంది కావడం వల్ల అక్కడి కవాటాలకు, మీటలకు ఇంకా నోరున్నది. అటువంటి నమోదు మొదటి రాజ్‌పుత్‌కు సకాలంలో జరిగి ఉంటే, ఓడ పోయినా ఓడ మీది బ్రతుకు కొంతైనా దక్కేది.

అదే పేరుతో వచ్చిన డిస్ట్రాయర్, రెండవ రాజ్‌పుత్, 1980 మే 4న అప్పటి సోవియట్ యూనియన్‌లోని పోటీ రేవులో సేవలో చేరి, బ్రహ్మోస్ క్షిపణి పరీక్షలకు వేదికగా నిలిచి, 41 ఏళ్ల తరువాత 2021 మే 21న విశాఖలో పతాకం దించింది. అదే తరగతికి చెందిన రాణా, రణవీర్, రణవిజయ్ కూడా 1980ల నాటివే. వాటిలో ఒకటైనా తీరాన నిలవాలంటే, వీడ్కోలు రోజున పుట్టే భావావేశం చాలదు. ఓడ ఇంకా నడుస్తుండగానే దానిలోని ప్రతి వస్తువు లెక్క, నీటికి వెలుపల దానికి తగిన నేల, ఏటేటా రంగుకూ రేకుకూ పద్దు సిద్ధమై ఉండాలి. దామగుండంలో జలాంతర్గాముల కోసం వేల ఎకరాల మెట్టనేలను కేటాయించగలిగిన దేశానికి, ఒక డిస్ట్రాయర్ పట్టేంత పొడి గుంట తవ్వడం అలవికాని పని కాదు.

ఇట్లు,
మీ అబ్బాయి