తూర్పు తీరం నుంచి ఇంటికి నాలుగు లేఖలు

మొదటి లేఖ: ఫిలడెల్ఫియా



అమెరికా చరిత్ర తెలుసుకోగోరేవారు మొదట చూడవలసింది రాజధాని వాషింగ్టన్‌ను కాదు, ఫిలడెల్ఫియాను. ఇండిపెండెన్స్ హాల్ అని నేడు పిలిచే ఇక్కడి ఎర్ర ఇటుకల కట్టడం ఒకప్పుడు పెన్సిల్వేనియా వలసరాజ్యపు ప్రభుత్వ భవనం. బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకోవాలన్న నిర్ణయమూ, పదకొండేళ్ల తరువాత దేశ రాజ్యాంగమూ ఇందులోని ఒకే గదిలో రూపుదిద్దుకున్నాయి. స్వాతంత్ర్య దినమంటే జులై 4 అని లోకమంతా ఎరుగును గాని, పదమూడు వలసరాజ్యాల ప్రతినిధుల సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్ విడిపోవడానికి ఓటు వేసింది 1776 జులై 2న. ఆ నిర్ణయానికి కారణాలు చెప్పే ప్రకటనను 4న ఆమోదించారు. దానిపై సంతకం చేసిన 56 మందిలో ఎక్కువమంది ఆగస్టు 2న చేశారు.

ఆ ప్రకటనను రచించిన థామస్ జెఫర్సన్ మానవుల సమానత్వాన్ని అందులో సూత్రీకరించాడు. తన జీవితకాలంలో ఆరువందల మందికి పైగా బానిసలకు యజమానిగానూ ఉన్నాడు. బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ అతడే ముసాయిదాలో చేర్చిన భాగాన్ని సభ తొలగించింది. ఈ వైరుధ్యాన్ని ఒక మనిషి కపటంగా భావించి వదిలేస్తే ఆ తరువాతి చరిత్ర ఏదీ అర్థం కాదు, ఎందుకంటే ఆ వైరుధ్యం రాజ్యాంగంలోకే ప్రవేశించింది.

1775లో మసాచుసెట్స్‌లో మొదలైన స్వాతంత్ర్య యుద్ధంలో 1781లో యార్క్‌టౌన్ వద్ద బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సేన లొంగిపోయింది. 1783 పారిస్ సంధిలో బ్రిటన్ కొత్త దేశాన్ని గుర్తించింది. అక్కడ ఓడిన ఆ కార్న్‌వాలిసే 1786లో గవర్నర్ జనరల్‌గా భారతదేశానికి వచ్చి, జమీందారు కట్టవలసిన శిస్తును ఎన్నటికీ మారకుండా ఖరారు చేసే శాశ్వత బందోబస్తును 1793లో బెంగాల్‌లో ప్రవేశపెట్టాడు; 1802లో మొదలై అదే పద్ధతి ఉత్తర సర్కారులకూ విస్తరించి, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా తెలుగు రైతుల నెత్తిన నిలిచింది.

యుద్ధానంతరం రాష్ట్రాలను కలిపి ఉంచిన తొలి ఒడంబడిక కింద కేంద్రానికి పన్ను వేసే అధికారమే లేనందున, 1787 మే నుంచి సెప్టెంబరు 17 దాకా జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షతన రహస్యంగా రాజ్యాంగ రచనా సమావేశాలు జరిగాయి. రోడ్ ఐలండ్ ఎవరినీ పంపలేదు; వచ్చిన 55 మందిలో 39 మంది సంతకం చేశారు. పెద్ద రాష్ట్రాలకూ చిన్న రాష్ట్రాలకూ మధ్య వచ్చిన తగవు, ఎగువసభ అయిన సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ రెండేసి స్థానాలు, దిగువసభలో జనాభాను బట్టి స్థానాలు అన్న రాజీతో తీరింది. తీరగానే మరింత చిక్కుప్రశ్న ఎదురైంది: జనాభా అంటే ఎవరు? ఓటు గాని హక్కు గాని లేని బానిసలను లెక్కలో పూర్తిగా చేర్చాలని దక్షిణాది ప్రతినిధులు, చేర్చరాదని ఉత్తరాదివారిలో పలువురు పట్టుబట్టగా, అయిదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కించాలని నిశ్చయించారు. ఈ లెక్క వల్ల బానిసలకు ఒరిగింది శూన్యం. వారి యజమానుల రాష్ట్రాలకు మాత్రం దిగువసభలోనూ, ఆ స్థానాలను అనుసరించి ఏర్పడే అధ్యక్ష ఎన్నిక మండలిలోనూ బలం పెరిగింది. తొలి అయిదుగురు అధ్యక్షుల్లో నలుగురు వర్జీనియాకు చెందిన బానిస యజమానులు కావడానికి ఇది ఏకైక కారణం కాదు గాని, ఈ లెక్క వారికి అనుకూలించిందనడంలో సందేహం లేదు.

ఆ హాలుకు కూతవేటు దూరంలో, ఫిలడెల్ఫియా తాత్కాలిక రాజధానిగా ఉన్నప్పుడు వాషింగ్టన్ నివసించిన ఇంటి పునాదులు ఉన్నాయి. బయటి రాష్ట్రంవారు తెచ్చిన బానిస ఇక్కడ ఆరునెలలు ఉంటే స్వేచ్ఛ పొందవచ్చునని పెన్సిల్వేనియా 1780లో చట్టం చేయగా, ఆ గడువు పూర్తికాకుండా తన బానిసలను రాష్ట్రం దాటించి తిరిగి రప్పించే ఏర్పాటు అధ్యక్షుడు చేసుకున్నాడు. వారిలో ఓనా జడ్జ్ అనే యువతి 1796లో తప్పించుకుని న్యూ హాంప్‌షైర్‌కు చేరి, ఎన్ని ప్రయత్నాలు జరిగినా చిక్కక 1848లో మరణించింది. ఈ పునాదులు చూడకుండా హాలు మాత్రమే చూసి వెళ్లే యాత్రికులు సగం చూసినట్లే.

రెండవ లేఖ: గెటీస్‌బర్గ్

ఫిలడెల్ఫియాకు పడమట, పొలాల నడుమ ఉన్న ఈ చిన్న పట్టణంలో 1863 జులై 1 నుంచి 3 దాకా జరిగిన పోరులో మృతులు, క్షతగాత్రులు, పట్టుబడినవారు, జాడ తెలియనివారు కలిపి ఇరుపక్షాలా దాదాపు 51,000 మంది. దక్షిణాదిలోని 7 రాష్ట్రాలు విడిపోయి వేరే కూటమి కట్టడంతో 1861 ఏప్రిల్‌లో మొదలైన అంతర్యుద్ధంలో ఇది దక్షిణాది సేనాని రాబర్ట్ లీ దండయాత్రను నిలువరించిన ఘట్టం.

యుద్ధానికి కారణం బానిసత్వం కాదని, రాష్ట్రాల హక్కులని వాదించేవారు నేటికీ ఉన్నారు. అన్నిటికంటే ముందు విడిపోయిన సౌత్ కరొలైనా 1860 డిసెంబరులో ప్రకటించిన కారణాలను చూస్తే ఆ వాదం నిలవదు. పారిపోయి వచ్చిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు తిరిగి అప్పగించడం లేదన్నది అందులోని ప్రధాన ఫిర్యాదు. అంటే ఆ పత్రం ఆక్షేపించింది ఉత్తరాది రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకోవడాన్నే. 1860 జనగణన ప్రకారం దేశంలో 39 లక్షలకు పైగా బానిసలు ఉన్నారన్న సంగతి కూడా ఇక్కడ మరువరాదు.

అధ్యక్షుడు అబ్రహాం లింకన్ 1863 జనవరి 1న జారీచేసిన విమోచన ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది. విడిపోకుండా ఉత్తరాది పక్షాన నిలిచిన బానిస రాష్ట్రాలను అది తాకలేదు. ఆ సంవత్సరం నవంబరు 19న ఇక్కడి సైనిక శ్మశానవాటిక అంకితోత్సవంలో, ప్రధాన వక్త ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటల ఉపన్యాసం తరువాత లింకన్ సుమారు 270 మాటలు మాత్రమే మాట్లాడాడు. దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేసింది 1865 నాటి పదమూడవ రాజ్యాంగ సవరణ. పుట్టుకతో పౌరసత్వాన్నీ చట్టం ముందు సమాన రక్షణనూ ఇచ్చింది 1868 నాటి పద్నాలుగవది. జాతి కారణంగా ఓటు నిరాకరించరాదన్నది 1870 నాటి పదిహేనవది. ఈ మూడూ గుర్తుంటే తరువాతి నూరేళ్ల కథకు మూలం తెలిసినట్లే.

మూడవ లేఖ: వాషింగ్టన్

ఇక్కడి లింకన్ స్మారకాన్ని 1922లో ప్రారంభించినప్పుడు, ఉపన్యాసకుల్లో నల్లజాతి విద్యావేత్త రాబర్ట్ మోటన్ ఒకరు; ప్రేక్షకుల్లోని నల్లజాతివారిని మాత్రం విడిగా కూర్చోబెట్టారు. జాతులకు వేరువేరు ఏర్పాట్లు రాజ్యాంగ సమ్మతమేనని సుప్రీంకోర్టు 1896లో ఇచ్చిన ప్లెసీ తీర్పు, 1954లో పాఠశాలల విషయంలో బ్రౌన్ తీర్పు వచ్చేదాకా చెల్లుబాటయింది. 1963 ఆగస్టు 28న పౌరహక్కుల ఉద్యమ నేత మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించింది ఈ స్మారకం మెట్ల మీదనే.

రాజ్యాంగం వెలుపల నిలిచినవారు నల్లజాతివారు మాత్రమే కాదు. స్త్రీలందరికీ ఓటు 1920లో వచ్చిందని పాఠ్యపుస్తకాలు చెప్పినా, దక్షిణాది నల్లజాతి స్త్రీలలో అత్యధికులకు అది కాగితం మీదే మిగిలింది. ఈ నేలకు ఆదివాసులైన తెగల వారందరికీ పౌరసత్వం దక్కింది 1924లో. అంతకుముందు, 1830 నాటి తరలింపు చట్టాన్ని అనుసరించి చెరొకీ ప్రజలను జార్జియా ప్రాంతం నుంచి నేటి ఓక్లహామాకు బలవంతంగా నడిపించినప్పుడు దారిలో దాదాపు నాలుగువేల మంది మరణించారని అంచనా.

నాలుగవ లేఖ: న్యూయార్క్

స్వేచ్ఛా ప్రతిమను చూసే తెలుగువారు ఆ దీపం తమకు ఎప్పుడు వెలిగిందో తెలుసుకోవడం అవసరం. ఈ రేవులోని ఎల్లిస్ ఐలండ్ కేంద్రం గుండా 1892, 1954 సంవత్సరాల మధ్య కోటీ ఇరవై లక్షల మంది దేశంలో ప్రవేశించారు గాని, వారిలో అత్యధికులు యూరపువారు. చైనా శ్రామికులను 1882లోను, భారతీయులతో సహా ఆసియాలో అత్యధిక భాగంవారిని 1917లోను చట్టాలు నిషేధించాయి. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయుడు శ్వేతజాతీయుడు కాడు గనుక పౌరసత్వానికి అనర్హుడని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ దశకంలోనే బోస్టన్‌లో అడుగుపెట్టిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు, ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ వంటి ఔషధాలకు దారితీసిన పరిశోధనలకు నాయకత్వం వహించి కూడా, అమెరికా పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశాడు. భారతీయులు పౌరులు కావడానికి 1946లో అవకాశం ఇచ్చినా, ఏడాదికి రాగలవారి సంఖ్యను ఆ చట్టం సుమారు నూరుకే పరిమితం చేసింది.

తలుపు నిజంగా తెరుచుకున్నది 1965లో. ఆ సంవత్సరం మార్చిలో అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు కోరి నడిచిన నల్లజాతివారిని పోలీసులు చావగొట్టగా, ఆగస్టు 6న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఓటు హక్కుల చట్టంపై సంతకం చేశాడు. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు నిర్ణయించే పద్ధతికి స్వస్తి చెప్పిన వలస చట్టంపై అక్టోబరు 3న ఈ ప్రతిమ పాదాల చెంతనే సంతకం చేశాడు. జాతిని బట్టి మనుషులను వేరుచేసే చట్టాలు సమర్థించుకోలేనివిగా మారింది పౌరహక్కుల ఉద్యమం వల్లనే. నేడు ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ఉద్యమానికి ఎంతో ఋణపడి ఉన్నా, ఆ ఋణం ప్రస్తావన వారి సభల్లో అరుదు. ఇక్కడికి చదువుకు బయలుదేరే పిల్లలకు వీసా కాగితాలు సర్దేటప్పుడు సెల్మాలో ఏమి జరిగిందో కూడా ఇంటివారు చెప్పి పంపవలసింది.