నలభై ఏడో నెంబరు

తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక మా నాన్న ఇంటి వరండాని గ్రంథాలయం చేసేశారు. ఆరొందల పైచిలుకు పుస్తకాలు, యాభై మందిదాకా సభ్యులు, లెక్కలకో బౌండు నోటుపుస్తకం. పోయిన వేసవిలో సెలవు పెట్టి వెళ్లినప్పుడు ఆ లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని నెత్తినేసుకున్నాను. బెంగళూరు నుంచి తమ్ముడు ఎస్‌క్యూలైట్‌తో చిన్న ప్రోగ్రాం రాసి పంపాడు. మన సెల్‌ఫోన్లలో చడీచప్పుడూ లేకుండా పనిచేస్తుండే డేటాబేస్ అదే.

మొత్తం మూడు పట్టికలు. ఒకదాన్లో సభ్యులు, ఒకదాన్లో పుస్తకాలు. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో మూడోదాన్లో. అక్కడ పేర్లుండవు, నెంబర్లే. 47 ఎవరో తెలియాలంటే సభ్యుల పట్టికలో వెతుక్కోవాలి. ఇలా వేరే పట్టిక నెంబరుని ఇక్కడ రాసుకోవడాన్నే ‘ఫారిన్ కీ’ అంటారు. ఐబీఎంలో పనిచేసిన కాడ్ అనే ఆయన 1970లోనే ఈ మాట వాడాడు.

మా 47 పోస్టుమాస్టరు గారు. నాన్నకి చదరంగం జోడీ. ఆ వేసవిలోనే కాలం చేశారు. లెక్క సరిగ్గా ఉండాలి కదా అని నేనే ఆయన పేరు తీసేశాను. కంప్యూటర్ కిమ్మనలేదు.

దసరాకి మళ్లీ వెళ్లినప్పుడు వాళ్లమ్మాయి సంచీతో వచ్చింది. ‘‘ఇంట్లో ఇవి కనిపించాయి మాస్టారూ. ఇంకేమైనా ఉంటే చెప్పండి, వెతికిస్తాను’’ అంది. సంచీలో నాలుగు పుస్తకాలు. ఎవరెవరి దగ్గర ఏమున్నాయో చూపే జాబితా తెరిస్తే, ఆ నాలుగూ అందులో లేనేలేవు!

ఫోన్ చేస్తే తమ్ముడు నాలుక్కరుచుకున్నాడు. ‘‘మూడో పట్టికలో 47 కింద ఐదు పుస్తకాలున్నాయక్కా. 47 ఎవరో చెప్పే వరసే లేదు. అందుకే జాబితాలోకి రాలేదు. సంబంధం రాశాను కానీ స్విచ్ వెయ్యలేదు.’’

ఈ స్విచ్ గొడవేమిటంటే... 2009 దాకా ఎస్‌క్యూలైట్ ఈ సంబంధాన్ని రాయనిచ్చేదే తప్ప పాటించేది కాదు. తర్వాత నేర్చుకుంది. కానీ పాత ప్రోగ్రాములు ఇబ్బంది పడకూడదని, ఇప్పటికీ మనం అడిగితేనే పాటిస్తుంది. అదీ డేటాబేస్ తెరిచిన ప్రతిసారీ అడగాలి. మైఎస్‌క్యూఎల్‌దీ ఒకప్పుడు ఇదే వరస. 2010లో 5.5 వెర్షన్ వచ్చేదాకా అందులో మామూలుగా దొరికే మైఐసామ్ పద్ధతి రాసింది చదివి ఊరుకునేది. శుభలేఖలు పంచి పెళ్లి మానేసినట్టు!

పేరు తీసేస్తే దాని కిందున్న బాకీలనీ తుడిచేయమనొచ్చట, నెంబరు గడి ఖాళీగా వదిలేయమనొచ్చట, అసలు తీయనివ్వకుండా అడ్డుకోమనొచ్చట. ‘‘అడ్డుకోమను’’ అన్నారు నాన్న.

ఆయన నోటుపుస్తకంలో 47 చెక్కుచెదరలేదు. పేరు పక్కన ఎర్రసిరాతో ఓ తేదీ, అంతే. సభ్యుల పట్టికలోనూ అలాంటి గడి ఒకటి చేర్చి పోస్టుమాస్టరు గారిని తిరిగి ఎక్కించాం. వచ్చిన నాలుగు పుస్తకాల బాకీ తీసేశాం. స్విచ్ వేసి, పరీక్షకని ఆయన పేరు మళ్లీ తీయబోయాను. ‘ఫారిన్ కీ కన్‌స్ట్రెయింట్ ఫెయిల్డ్’ అంటూ ఆగిపోయింది.

నాన్న కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. ‘‘ఏమంటోందమ్మా?’’

‘‘ఆయన దగ్గర ఇంకో పుస్తకం ఉంది, పేరు తీయనంటోంది. వాళ్లమ్మాయికి ఫోన్ చేసి చెప్పనా?’’

‘‘ఇప్పుడేం తొందర’’ అన్నారు నాన్న.