సూర్యలంకలో నా హీరో వేషం

తెరమీద హీరోగారు ఇసుక చిమ్ముకుంటూ మోటారు సైకిలు తోలితే మనమంతా ఈలలేసిన వాళ్లమే! ఆ ఉబలాటంతోనే ఓ ఫిబ్రవరి ఆదివారం మిత్రుడి ఎక్స్‌పల్స్ తీసుకుని బాపట్ల నుంచి సూర్యలంక వెళ్లాను. తొమ్మిది కిలోమీటర్లే. ఓ పక్క వైమానిక దళం వారి స్థలం, అటు వెళ్లరాదు. సరుగుడు చెట్లు దాటి, టైర్లలో గాలి తగ్గించి దిగినా పొడి ఇసుకలో వెనక చక్రం కూరుకుపోయింది. యాక్సిలరేటర్ తిప్పేస్తుంటే జాలరి పెద్దాయన కేకేశాడు:

"ఆపవయ్యా బాబూ! కింద తాబేలు గుడ్లుంటాయి."

ఆలివ్ రిడ్లీ తాబేలు ఒక్కో గుంటలో నూరు గుడ్లదాకా పెడుతుంది. గుడ్డు చీల్చుకొచ్చిన పిల్ల చక్రాల గాడిలో పడిందా, సముద్రం చేరడం కష్టమే. ఈ సంగతి ఏ సినిమాలో చూపించారు కనక!

బండి తోసుకుంటూ రోడ్డెక్కాను. మర్నాడు మిత్రుడి మామయ్యగారిని అడిగి, కోతైన వరిపొలంలో తోలాను. గట్టు మీంచి ఎగిరితే మోకాలు చెక్కుకుపోయింది. మామయ్యగారు పరుగున వచ్చి, ముందు గట్టు చూసుకున్నారు.